పరీక్ష జాబితాలో రెండో పేరు

నమోదు 611. శుక్రవారం

పొద్దున్నే సౌరపలకల మీది ఉప్పు తుడిచాను. ఇరవై నాలుగు పలకలు, రెండు గుడ్డలు, ఒక నడుము. నడుము సంగతి పై ఆఫీసుకు రాసి లాభం లేదు కనుక, కొత్త గుడ్డలు పంపమని మాత్రం రాశాను.

నిన్న గురువారం మెయిల్ వెళ్ళింది. నాలుగు వేల నూట పన్నెండు పడవ ఇళ్ళకు. వచ్చే వారం సరుకుల ఓడలో ఏమేం వస్తున్నాయో అందులో ఉంటుంది. బియ్యం, నూనె, వలదారం, దోమతెరలు, పసిపిల్లల మందులు. ఎవరికేం కావాలో వాటి పక్కన గుర్తు పెట్టి తిరిగి పంపాలి. గుర్తు పెట్టనివాళ్ళ సరుకు ఓడ ఎక్కదు. ఆ మెయిల్ రాసేది, దిద్దేది, పంపేది నేనే. మెచ్చుకునేది కూడా నేనే, ఎందుకంటే నడిసముద్రంలో వార్తలు అందించే ఈ తొమ్మిదో స్తంభం మీద ఇంకెవరూ లేరు.

ఈ రోజు పడవ ఇళ్ళ సంఘం ఆఫీసు నుంచి రంగసాయి వైర్‌లెస్‌లో పిలిచాడు. ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి అతని గొంతు ఎప్పుడూ క్షమాపణ చెబుతున్నట్టే ఉంటుంది.

"పేరిందేవిగారూ, ఏంటండీ మీ మెయిల్‌లో అక్షరాలు అలా వస్తున్నాయి? ఒక వాడలో డబ్బాలు డబ్బాలుగా వచ్చాయంట. ఇంకో వాడలో మరీ సన్నగా, ఒకదాని మీదొకటి ఎక్కి వచ్చాయంట. జనం చదవలేక వదిలేస్తన్నారండీ. మూడు ఇళ్ళలో పసిపిల్లల మందుకి కూడా గుర్తు పెట్టుకోలేకపోయారు."

"నా దగ్గర ముత్యాల్లా ఉన్నాయి బాబూ. ఎడిటర్‌లో చూశాను, ప్రివ్యూలో చూశాను."

"మీ దగ్గర బాగుంటే ఏం లాభమండీ? పై నెల మొదటి గురువారానికల్లా అందరికీ ఒకేలా కనబడాలంట. లేదంటే మెయిల్ పని యంత్రానికి ఇచ్చేసి, మీ స్తంభానికి తాళం వేసేస్తారంట. నా చేతిలో ఏం లేదండీ."

అతని చేతిలో ఎప్పుడూ ఏమీ ఉండదు. నాకు మాత్రం కాళ్ళ కింద ఇనుప పలక కదిలినట్టయింది.

ఎందుకో ఇక్కడ రాసి పెడతాను. ఎప్పుడైనా ఎవరైనా ఈ పుస్తకం తిరగేస్తే నన్ను పిచ్చిదనుకోకుండా ఉంటారు. మెయిల్‌లో ఉన్న అక్షరాలు మా ఆయన బంగారయ్యవి. ఆయన పడవల మీద పేర్లు రాసేవాడు. నాలుగేళ్ళ కిందట తన కుంచె రాతను ఒక్కో అక్షరమే కాగితం మీద వేసి, ఫాంటుగా కట్టి, ఈ యంత్రంలోకి ఎక్కించాడు. "ఇకమీదట నీ మెయిల్ నా చేతిరాతలో పోవాలి" అన్నాడు. మరుసటి ఏడు జ్వరంతో పోయాడు. మందుల పడవ రావడం నాలుగు రోజులు ఆలస్యమైంది.

ఆ తర్వాత మూడేళ్ళుగా, ప్రతి గురువారం ఆయన నాలుగు వేల ఇళ్ళకు వెళ్తున్నాడన్న ధైర్యంతోనే ఇక్కడ ఉన్నాను. మా చెల్లెలు తన పడవకు వచ్చేయమని రెండుసార్లు కబురు పెట్టింది. వెళ్ళలేదు. నేను వెళ్ళిపోతే ఆయన్ని పంపేదెవరు?

నమోదు 612. శనివారం

శనివారం మధ్యాహ్నం మాటల గంట. ఆ ఒక్క గంటా వైర్‌లెస్ అన్ని పడవలకూ తెరిచి ఉంటుంది. ఎవరు మాట్లాడినా అందరికీ వినబడుతుంది. సముద్రం మీద చాటు మాటలకు చోటు లేదు.

మెయిల్‌లో బొమ్మలు పంపడం నిషేధం కనుక ఎవరి తెర ఎలా ఉందో నాకు కళ్ళతో చూసే దారి లేదు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి అందుకుంటూ పోయే వార్తలో అంత బరువు పట్టదు. అందుకని నోటితో చెప్పమన్నాను.

"డబ్బాలమ్మా, అన్నీ డబ్బాలే. నడి మజ్జలో ఒక సున్నా."

"మాకు అచ్చరాలైతే ఉన్నాయి గానీ వొత్తులన్నీ పక్కకి జారిపోనాయి."

"మా తెరలో సుబ్బరంగా ఉందండి, కానీ ఇంతింత చిన్నగా ఉంది. మా మామ కళ్ళద్దాలు రెండు జతలు ఎట్టుకున్నా ఆనలేదు."

పదకొండు పడవలు పదకొండు రకాలుగా చెప్పాయి. రాసుకుంటూ పోయాను. పన్నెండోది మూడు వందల పన్నెండో నంబరు పడవ. ముసలి గొంతు.

"నాకు బాగానే ఉందమ్మా. నా పడవ ముక్కు మీద ఎలాగుందో, తెర మీదా అలాగే ఉంది."

పెన్ను ఆగిపోయింది. "మీ పడవ మీద పేరు ఎవరు రాశారమ్మా?"

"ఇంకెవుడు? నా తమ్ముడు బంగారయ్య."

అచ్చియ్యమ్మ ఆమె పేరు. మా ఆయనకు తోడబుట్టిన అక్కలు లేరు. కానీ పడవ వాడల్లో ఒక ఆచారం ఉంది. పడవ మీద పేరు రాసిన మనిషి ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని తింటాడు. ఆనాటి నుంచి ఆ ఇంటికి తోడబుట్టినవాడవుతాడు. అతను పోయాక ఆ పేరు మీద ఇంకొకరు కుంచె పెట్టరు. ఉప్పుగాలికి దానంతటది చెరిగిపోవాల్సిందే. ఆ లెక్కన నాకు కొన్ని వందల మంది ఆడబిడ్డలు ఉండాలి. ఒక్కరి ముఖమూ ఎరగను. పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు ఈ స్తంభం డ్యూటీయే.

ఒక్క చోటైనా సరిగ్గా వస్తోంది అంటే మెయిల్‌లో తప్పు లేదన్న మాట. ఈ రోజు కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

నమోదు 613. సోమవారం

తప్పు మెయిల్‌లో లేదని నమ్మకం కుదిరినా, చేయాల్సినవన్నీ చేశాను. ఆఫీసు పంపే సరుకుల పట్టీని నేను ఉన్నదున్నట్టు ఎత్తి ఎడిటర్‌లో అతికిస్తాను. అలా అతికించినప్పుడు వాళ్ళ ఫాంట్ సైజులూ రంగులూ కనబడకుండా వెంట వస్తాయి. వాటిని ఏరి పారేశాను. పాతది మొత్తం చెరిపి, ప్రతి వరుసా చేత్తో కొట్టాను. సైజు అంతటా ఒకటే పెట్టాను. శీర్షికకు వేరే ఫాంటు, కింది వరుసలకు వేరే ఫాంటు ఉన్నాయేమోనని ఒక్కో ముక్కా నొక్కి చూశాను. అన్నీ బంగారయ్యే.

పంపే ముందు ఎప్పుడూ ఒక పరీక్ష మెయిల్ పంపుకుంటాం. దానికి వేరే జాబితా ఉంది. పరీక్ష జాబితాలో ఉన్నది ఒకే ఒక్క పేరు, నాదే. నాకు నేను పంపుకున్నాను, నేనే తెరిచాను. బ్రహ్మాండంగా ఉంది. నన్ను నేను అభినందించుకుని వర్షపు నీళ్ళ డ్రమ్ము కడగడానికి పోయాను.

నమోదు 614. గురువారం

మెయిల్ వెళ్ళింది. ఫిర్యాదులు కూడా ఎప్పటిలాగే వచ్చాయి. తప్పంతా పడవల్లో తెరలదేనని రంగసాయికి గట్టిగా చెప్పాను. మూడు వందల పన్నెండులో సరిగ్గా వస్తోందని రుజువు కూడా చూపించాను.

"మూడు వందల పన్నెండా?" కాగితాలు తిరగేసిన చప్పుడు. "అది తీసేయాల్సిన వాటిలో ఉందండీ. మూడేళ్ళుగా ఒక్క సరుకూ తెప్పించుకోని ఇళ్ళు అరవై ఒకటి ఉన్నాయి. మెయిల్ దండగ కదండీ. పట్టీ పంపుతున్నాను, మీ జాబితాలోంచి తీసేయండి."

పట్టీ వచ్చింది. అరవై ఇళ్ళు మెయిల్ తెరవనే తెరవలేదు. మూడు వందల పన్నెండు మాత్రం ప్రతి గురువారమూ, మెయిల్ చేరిన పది నిమిషాల్లో తెరిచింది. ఒక్క వారం తప్పలేదు. ఒక్క సరుకుకూ గుర్తు పెట్టలేదు. మూడేళ్ళు చూసి చూసి ఉప్పు పొట్లం కూడా తెప్పించుకోని మనిషిని ఏమనుకోవాలి?

అరవై పేర్లు తీసేశాను. ఆ ఒక్కటీ రేపు చూద్దామని వదిలేశాను.

నమోదు 615. మంగళవారం

తాతారావు పడవ వచ్చింది. పదిహేను రోజులకోసారి నాకు మంచినీళ్ళూ కూరగాయలూ తెచ్చే మనిషి ఇతను. నా ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి కూడా ఇతనొక్కడే. అందుకని అతను వచ్చిన రోజు ఉప్మాలో జీడిపప్పు వేస్తాను. గుడ్డలు తేవడం మాత్రం మర్చిపోయాడు.

తింటూ తింటూ అన్నాడు. "అమ్మా, నా తెరలోనూ మీ మెయిల్ గిలుకుడులాగే వత్తాది. మీకు బాధని చెప్పలేదు."

"ఏదీ, చూపించు."

పడవలోంచి తెర పట్టుకొచ్చి నా యంత్రం పక్కన పెట్టాడు. నా దగ్గర ఉన్న మెయిల్, అతని దగ్గర ఉన్న మెయిల్, రెండూ ఒకటే. నా తెర మీద బంగారయ్య ఉన్నాడు. అతని తెర మీద ఎవరో ఉన్నారు. వంకరగా, సన్నగా, వొత్తులు జారిపోయి, మధ్య మధ్య డబ్బాలతో.

"ఎప్పట్నించి ఇలా వస్తోంది?"

"ఎప్పుడూ ఇంతేనమ్మా. అంతకుముందు సంగం అచ్చరాల్లో వచ్చేది. మీరు మార్చిన కాణ్ణుంచీ ఇంతే. ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళం అడిగి గుర్తులెట్టుకున్నాం."

అప్పుడు అర్థమైంది. మెయిల్‌లో అక్షరాల ఆకారం పోదు. ఫలానా ఫాంటులో చూపించు అని పేరు మాత్రమే పోతుంది. ఆ ఫాంటు తన దగ్గర ఉన్న తెర దాన్ని చూపిస్తుంది. లేని తెర చేతికి దొరికిన ఏదో ఒక ఫాంటుతో సరిపెడుతుంది. ఒక్కో తెరకు ఒక్కోటి దొరుకుతుంది. బంగారయ్య తన ఫాంటును ఎక్కించింది ఈ యంత్రంలో. నేను ఎడిటర్‌లో చూసుకున్నదీ, ప్రివ్యూలో చూసుకున్నదీ, పరీక్ష మెయిల్ పంపుకుని మురిసిపోయిందీ ఈ యంత్రంలోనే.

నూట యాభై ఆరు గురువారాలు. అచ్చియ్యమ్మ తెరలో ఎలా వస్తోందో తెలియదు గానీ, ఆయన ఇంకే ఇంటికీ వెళ్ళలేదు. ఇక్కడే, ఈ గదిలో, నా ఒక్కదాని ముందే ఉన్నాడు. నాలుగు వేల ఇళ్ళ తోడు ఉందనుకున్నాను. ఏమీ లేదు. నేను ఒంటరిదాన్ని అని తెలిసే ఉంది కానీ, ఇంత ఒంటరిదాన్నని తెలియదు.

తాతారావు ఉప్మా సగంలో ఆపేశాడు. "నానేదైనా తప్పు మాట అన్నానామ్మా?"

"లేదు నాయనా. తిను. నీ తెర ఒక పదిహేను రోజులు నా దగ్గర వదిలెయ్."

నమోదు 616. శనివారం

నాలుగు రోజులు తల దువ్వుకోలేదు. పలకలు కూడా తుడవలేదు. మొన్న గురువారం మెయిల్‌ను ఉన్నదున్నట్టే పంపేశాను. ఈ రోజు మాటల గంటలో మూడు వందల పన్నెండును నేనే పిలిచాను.

"వదినా, నేను బంగారయ్య భార్యను. పేరిందేవిని."

"మరదలా!" అవతల ఏదో గిన్నె కింద పడింది. "ఇంకా నువ్వేనా ఆ తంబం మీద ఉండీది? అప్పుడే సెప్పకపోనావేటి?"

"వదినా, నీ తెరలో ఆయన అక్షరాలు ఎలా వచ్చాయి?"

"ఆడే ఎట్టినాడు. గాలివానకి నా తెర సెడిపోతే బాగుసేసినాడు. బాగుసేసి, ఏదో సిన్న పుల్లలాటిది గుచ్చి, 'అప్పా, మీ మరదలు పంపే ఉత్తరం ఇకనించి నా రాతలో వత్తాది' అన్నాడు. 'ఇలాగ ఊరందరికీ ఎట్టాలి, నువ్వే మొదలు' అని కూడా అన్నాడు. మరి ఆ పై వారమే జొరమని ఇన్నాను."

ఆయన నాకీ మాట చెప్పలేదు. అన్ని పడవలకూ ఎక్కించాక, ఒక గురువారం నన్ను కూర్చోబెట్టి చెబుదామనుకున్నాడేమో. ఆయన తీరే అంత. పని పూర్తయ్యేదాకా నోరు విప్పడు. ఇప్పుడు ఆ పని నేను పూర్తి చేయడానికీ లేదు. సంఘం కొత్త తెరలన్నిటికీ తాళం వేసింది, బయటి ఫాంటు ఎక్కదు. అచ్చియ్యమ్మది పాత తెర కాబట్టి మిగిలింది.

"వదినా, ప్రతి గురువారం తెరుస్తావు కదా. ఎప్పుడూ ఏమీ తెప్పించుకోవేం?"

"నాకు సదువేటి తల్లీ? ఏ అచ్చరం ఏటో నాకెలా తెలుత్తాది? సరుకులు పక్క పడవోళ్ళే తెత్తారు. నాను ఆడి సెయ్యి సూడ్డానికి తెరుత్తాను. పడవ ముక్కు మీద పేరు సగం సెరిగిపోనాది మరి."

లైన్‌లో పదిహేను పడవలు ఉన్నాయి. తర్వాత ఎవరో గొంతు సవరించుకుని వలదారం గురించి అడిగారు.

నమోదు 617. బుధవారం

రేపు గడువు గురువారం. చేయాల్సింది ఒక్క నొక్కు. ఫాంట్ పేరు తీసేసి, ప్రతి తెరలోనూ ఉండే సంఘం అక్షరాలు పెట్టాలి. ముందు ఆయన పేరు, ఆయన లేని చోట సంఘం అక్షరాలు అని రెండూ రాసి చూశాను. మా ఎడిటర్ ఒక్క పేరుకే చోటిస్తుంది. రెండోది రాస్తే మొదటిది మింగేస్తుంది.

పొద్దుటి నుంచి ఆ నొక్కు నొక్కలేక నానా పనులూ చేశాను. పలకల మీద పేరుకున్న ఉప్పంతా తుడిచాను. పప్పు ఎండబెట్టాను. నా పని యంత్రం తీసేసుకుంటే తీసేసుకోనీ, స్తంభానికి తాళం వేస్తే వేయనీ, చివరిదాకా ఆయన రాతలోనే పంపుతాను అని కూడా ఒకసారి అనుకున్నాను. నన్ను అడిగేదెవరు?

కానీ ఆ మూడు ఇళ్ళూ గుర్తొచ్చాయి. పసిపిల్లల మందుకు గుర్తు పెట్టలేకపోయినవాళ్ళు. మందు ఆలస్యమైతే ఏమవుతుందో ఈ సముద్రంలో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరు? ఆయన చేతిరాత కోసం నేను ఇంకో ఇంటికి అదే తెచ్చిపెడితే, ఆయనే నన్ను క్షమించడు.

నొక్కాను. బంగారయ్య వరుస వరుసగా పైనుంచి కిందికి మాయమయ్యాడు. ఏడ్చాను. రాయడానికి సిగ్గెందుకు, బాగానే ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని తాతారావు తెరలో చూశాను. ప్రతి వొత్తూ దాని చోట ఉంది. నా తెరలో, అతని తెరలో, మొదటిసారి ఇద్దరికీ ఒకేలా ఉంది.

ఇక మిగిలింది అరవై ఒకటో పేరు. రంగసాయి ఆదేశం ప్రకారం మూడు వందల పన్నెండును జాబితాలోంచి తీసేశాను. ఆఫీసు మాట జవదాటలేదు. అయితే పరీక్ష జాబితా ఆఫీసు లెక్కలోకి రాదు. అది స్తంభం మనిషి సొంతం. దాంట్లో నా పేరు కింద రెండో పేరు చేర్చాను. పరీక్ష మెయిల్‌లో ఏ ఫాంటు వాడతానో, ఏం రాస్తానో అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఏం రాయాలో మాత్రం తోచలేదు. ఆమెకు సరుకులు అక్కర్లేదు. చదవడమూ రాదు. కాబట్టి ఏం రాసినా ఒకటే కదా అనిపించింది. అలా అనిపించగానే చేతులు వాటంతటవే కొట్టుకుంటూ పోయాయి. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనివన్నీ రాసేశాను. ఈ పుస్తకంలో కూడా రాయనివి. పంపేశాక మనసు తేలికపడింది. ఎవరూ చదవరు, ఒకరు చూస్తారు. నాకు అంత చాలు.

నమోదు 618. గురువారం

నాలుగు వేల యాభై ఒక్క ఇళ్ళకు సంఘం అక్షరాల్లో మెయిల్ వెళ్ళింది. సాయంత్రానికి పిల్లల మందు పక్కన పందొమ్మిది గుర్తులు. ఆ మూడు ఇళ్ళూ అందులో ఉన్నాయి, వెతికి మరీ చూశాను.

"అదిరిందండీ పేరిందేవిగారూ! తాళం మాట ఇక లేదంటండీ" అన్నాడు రంగసాయి. మొదటిసారి క్షమాపణ లేని గొంతు విన్నాను.

సంతోషం రావాలి కదా. కాస్త వచ్చింది.

నమోదు 619. శనివారం

మాటల గంట తెరవగానే మూడు వందల పన్నెండు.

"మరదలా, ఈపాలి నీ ఉత్తరం ఇంత పొడుగుందేటి? కిందికి జరుపుతూనే ఉన్నాను, తరగదే! ఆడి సెయ్యి ఇంత ఎప్పుడూ సూళ్ళేదు. సరుకులు గాదు గదా?"

"కాదు వదినా."

"మరేటి రాసినావు?"

"ఏం లేదు. ఊరికే. పరీక్షకి."

"పరీచ్చకి ఇంత రాత్తారేటి? గుర్తులెట్టీ గళ్ళు లేవు, మజ్జలో ఎడం లేదు, ఏడుత్తా ఆగకుండా రాసినట్టుంది. సదువు. నాను ఇంటాను."

"వదినా, లైన్‌లో అందరూ ఉన్నారు."

"ఉంటే ఉండనీ. ఆళ్ళ పడవల మీద పేర్లెవరు రాసినారు? నీకు పరాయోళ్ళా ఆళ్ళు?"

యంత్రం ముందు కూర్చుని పరీక్ష మెయిల్ తెరిచాను. ఈ నీళ్ళ మీద రెండే రెండు తెరల్లో ఉన్న అక్షరాలు. ఒకటి నా ముందు, ఒకటి ఆమె ముందు. రెండు మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. అవతల ఆమె తొందరపెట్టలేదు. తెర మీద వేలితో కొట్టిన చప్పుడు మాత్రం వినబడింది.

"ఇదిగో, నా ఏలు మొదటి వరస మీద ఎట్టినాను. సదువు."

నేనూ మొదటి వరుస మీద వేలు పెట్టాను.

"వదినా, ఆయన పోయిన రోజు ఈ స్తంభం మీద నేనొక్కదాన్నే ఉన్నాను," అని చదివాను.

మొత్తం చదివేసరికి గంట దాటిపోయింది. గంట దాటితే లైన్ దానంతటదే మూతపడాలి, కానీ ఆఫీసులో ఎవరో మూయకుండా పట్టి ఉంచారు. లైన్‌లోకి వచ్చిన పడవలన్నీ చివరిదాకా ఉన్నాయి. ఈ రోజు ఎవరూ సరుకుల గురించి అడగలేదు.